ఎడమ చేతి సమ్మతి

ఓబుళేశు పక్షపాతం ఎరగని మనిషి. ఈ మాట సన్మాన పత్రాల్లో చాలామంది గురించి రాస్తారు కాబట్టి కాస్త వివరించాలి. ఆయన కుడి చెవి గోక్కుంటే, దురద ఉన్నా లేకున్నా ఎడమ చెవినీ గోకుతాడు. ఒక ముద్ద కుడి దవడకిస్తే తర్వాతి ముద్ద ఎడమ దవడకే. అహోబిలంలో దిగువ స్వామికి టెంకాయ కొట్టాక, ఎగువ స్వామి ఏమనుకుంటాడోనని కొండెక్కి, దిగొచ్చేసరికి ఆఖరి బస్సు పోగొట్టుకున్న చరిత్ర ఆయనది. మైదుకూరులో పసుపు కొట్టు పెట్టి, తక్కెడ రెండు వైపులా సమంగా ఉండాలని పట్టుబట్టిన కారణంగా ఆ కొట్టు ఎక్కువకాలం నడవలేదు.

భార్య సిద్దమ్మ కాఫీ గ్లాసు కుడి చేతికిస్తే ఆయన తాగడు.

"ఎడమది చూస్తాండాది" అంటాడు.

ఆమె ఒక ఖాళీ గ్లాసు ఎడమ చేతిలో పెట్టిపోతుంది. ఆయన సగం అందులోకి వంపుకుని, అప్పుడు తాగుతాడు.

ఇలాంటి మనిషిని, రెండు చేతులకు రెండు రకాల క్రీములు పూసే పరీక్షలోకి తీసుకురావడమే సుప్రజ చేసిన తప్పు.

సుప్రజ ఆయన తమ్ముడి కూతురు. ఒళ్లు తెల్లబడుతుందని చెప్పే కొత్త క్రీమును మనుషుల మీద పరీక్షించే కంపెనీలో ఈమధ్యే చేరింది. పెదనాన్న ఇంట్లో ఉంటూ, మైదుకూరులో ఒక గది అద్దెకు తీసుకుని పరీక్ష నడుపుతోంది. వచ్చినవాళ్లకు తలా రెండు ట్యూబులిస్తారు. 'కు' అనే స్టిక్కరున్నది కుడి ముంజేతికి, 'ఎ' ఉన్నది ఎడమ ముంజేతికి. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో వట్టి క్రీము. ఏది ఏదో సుప్రజకు కూడా చెప్పరు. పరీక్ష సవ్యంగా ముగిస్తే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటికి. మధ్యలో ఒకాయన మానుకోవడంతో, మనిషి తక్కువై, గత్యంతరం లేక పెదనాన్నను కూర్చోబెట్టింది.

సమ్మతి పత్రం మీద ఆయన కుడి చేత్తో సంతకం పెట్టాడు. తర్వాత ఎడమ బొటనవేలికి సిరా పూసుకుని, పక్కనే ముద్ర వేశాడు.

"అదెందుకు పెదనాయనా?"

"పూసేది దానికి గూడా గదా పాపా. దాన్నీ ఒక మాట అడగల్ల."

ఆ రోజు నుంచి సుప్రజకు తిన్నది ఒంటబట్టలేదు. పొద్దున లేస్తూనే విచారణ.

"కుడిది యాడ పూసినావు?"

"కుడికే."

"ఎడమది?"

"ఎడమకే. కానీ పాపా, మంచి మందు దానికేనా, నాకు లేదా అని అడుగుతాండాది."

"ఎవురు?"

"చెయ్యి."

సుప్రజకు ఇంకో భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. మానుకున్నాయన 'కు' ట్యూబు ఆమె బ్యాగులోనే ఉండిపోయింది. రోజూ తలుపు వేసుకుని దాన్ని ముఖానికి పూసుకుంటోంది. ఉద్యోగులు క్రీము ముట్టకూడదని కంపెనీ నియమం. కానీ చిన్నప్పటి నుంచి చుట్టాలంతా "పిల్ల మొగం కళగా ఉండాది, కానీ..." అని ఆపేసేవాళ్లు. ఆ మాటను వాళ్లు ఎన్నడూ పూర్తిచేయలేదు. ఆమే అద్దం ముందు పూర్తిచేసుకునేది. శుభమంతా కుడి చేతిదే కాబట్టి మందు కుడి ట్యూబులోనే ఉంటుందని శాస్త్రీయంగా నిర్ణయించుకుంది. పనిచేస్తోంది కూడా. రోజురోజుకీ ముఖం తేటపడుతున్నట్టు అద్దం స్పష్టంగా చెబుతోంది.

కర్నూలు నుంచి డాక్టరు ఉమామహేశ్వర చేతులు చూడటానికి వచ్చిన రోజున, గదిలో చాలామంది కుడి ముంజేతులు కందిపోయి ఉన్నాయి.

"మండుతుంటే చెప్పలేదేం?" అన్నాడాయన.

"మండితేనే గదా సార్ పనిచేస్తాండేది" అంది ఎదురువీధి నాగలక్ష్మమ్మ.

ఓబుళేశు పొడుగు చేతుల చొక్కా గుండీలు పెట్టుకుని మూలన కూర్చున్నాడు. డాక్టరు చొక్కా చేతులు పైకి మడత పెట్టించాడు. రెండు ముంజేతులూ కాల్చిన వంకాయల్లా ఉన్నాయి.

"ఈయనకు రెండు చేతులూ కాలాయి. అంటే రెండూ మందు ట్యూబులే. ఎవరిచ్చారు?"

గది అంతా సుప్రజ వైపు తిరిగింది. ఆమె చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. చెంప నున్నగానే ఉంది.

"పాప తప్పేం ల్యా సార్," ఓబుళేశు లేచాడు. "రెండూ ఒక గిన్నెలో కలిపి, రెండు చేతులకూ పూసినా."

"ఎందుకు?"

"ఎడమది చూస్తాండె సార్."

డాక్టరు చాలా వ్యాధులు చూసినవాడు. ఇది కొత్త.

"ఆయనంతే సార్," సిద్దమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "కాఫీ రెండు గ్లాసుల్లో తాగుతాడు."

"మా ఇంటికి పెండ్లి పిలుపుకొచ్చి, మా పక్కింటోళ్లను గూడా పిలిచిపోయినాడు సార్," అంది నాగలక్ష్మమ్మ. "వాళ్లెవరో ఈయనకు తెలీనే తెలీదు."

ఇంతమంది సాక్ష్యం కాదనలేక డాక్టరు ఓబుళేశు పేరు కొట్టేశాడు. ఆ మందు ఇకమీద ఎవరూ పూయకూడదని ఆపించాడు. అమ్మాయి పనిలో లోపం లేదని రాసి, కారెక్కాడు.

ఇంటికొచ్చాక సుప్రజ పెద్దమ్మను అడిగింది. "ఏ గిన్నెలో కలిపినాడు?"

"నా గిన్నె ముట్టేంత ధైర్యం ఆయనకు యాడిది?"

సుప్రజ గదిలోకి పోయి బ్యాగులోంచి తన ట్యూబు తీసింది. 'కు' స్టిక్కరు అంచు లేచి ఉంది. గోటితో పీకితే, అడుగున ఎండిన అన్నం మెతుకు. ఏ కంపెనీ కూడా స్టిక్కర్లు అన్నం మెతుకులతో అంటించదు.

ఓబుళేశు అరుగు మీద రెండు చేతులూ ముందుకు చాపి, గాలికి ఆరబెట్టుకుంటున్నాడు.

"పెదనాయనా, నా ట్యూబు యాడ?"

"నీకు ట్యూబు యాడిది? నువ్వు పూసుకోగూడదంట గదా."

ఆమె పీకిన స్టిక్కరును ఆయన ముందు పెట్టింది. దాన్ని చూసి ఆయనే అన్నాడు.

"మొదట్నించీ కుడిది మండ్తాండె పాపా. చేతికే ఇట్లుంటే మొగానికి ఎట్లుంటాదోనని, నా ఎడమదానికి 'కు' అంటించి నీకు పెట్టి, నీది నేను తీసుకుంటి."

"నాతో చెప్పొచ్చు గదా."

"చెప్తే, నువ్వు పూసుకుంటాండేది నేను చూసినట్టయితాది."

"సరే. ఆ మండేదాన్ని పారేయకుండా ఎడమ చేతికెందుకు పూసుకుంటివి?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కుడిది మండ్తాంటే ఎడమది కులాసాగా కూచోవల్నా?"

పరీక్ష మొత్తంలో క్రీము బ్రహ్మాండంగా పనిచేసింది తన ఒక్కదాని మీదే, అదీ వట్టి క్రీమని తెలిసి, సుప్రజకు నవ్వాగలేదు.

"నేను తెల్లగయితాండాననుకుంటి పెదనాయనా."

ఓబుళేశు ఆమె ముఖాన్ని ముందు కుడివైపు నుంచి, తర్వాత అంతేసేపు ఎడమవైపు నుంచి పరిశీలించాడు.

"అప్పుడెట్లుంటివో ఇప్పుడూ అట్లే ఉండావు. రెండూ సమానమే."

ఆయన నిఘంటువులో ఇంతకు మించిన పొగడ్త లేదు.

సుప్రజ లోపలికి పోయి కాలిన గాయాల పూత తెచ్చింది. ఇన్నాళ్లూ చూస్తూ కూర్చున్న ఎడమ చేతినే ముందు ఒళ్లోకి తీసుకుని, మెల్లగా పూయసాగింది. ఓబుళేశు ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకున్నాడు.

"పాపా," అన్నాడు ఇబ్బందిగా, "కుడిది చూస్తాండాది."