పసుపు పూసిన మంత్రగత్తెలు

పుత్తూరు చుట్టుపక్కల నాటకానికి వేషం దిద్దాలంటే నాయబ్ రసూల్‌కే కబురు పోతుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గురువంటూ లేడు. కుర్రతనంలో అద్దం ముందు కూర్చుని, తన ముఖాన్నే పదేపదే పాడుచేసుకుని పని నేర్చుకున్నాడు. తిరుపతి గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టే మగవాళ్ళకు ముప్పై ఏళ్ళుగా రంగులు వేస్తున్నాడు. కళ గురించి ఒక్క మాటా మాట్లాడడు. గడ్డం నున్నగా గీసుకుని రానివాణ్ణి మాత్రం వెనక్కి పంపేస్తాడు.

పోయిన ఏడాది కాలేజీ లెక్చరర్ లోహిత ఆయన ఇంటికి పరుగున వచ్చింది. ఒక పాత ఇంగ్లీషు విషాద నాటకాన్ని తెలుగులో ఆడిస్తోంది. అందులో ముగ్గురు మంత్రగత్తెలు దారిలో ఒక సేనాపతిని ఆపి, నువ్వు రాజువవుతావంటారు. అతను ఆ మాట పట్టుకుని రాజును చంపి, చివరకు తానూ నాశనమవుతాడు. మంత్రగత్తెలకు రబ్బరు ముఖాలు తొడిగితే రిహార్సల్లో అందరూ పడీపడీ నవ్వారట.

"వాళ్ళను చూసి జనం నవ్వితే నాటకం ఆడికే అయిపోతుందన్నా. వాళ్ళ మాటకు విలువ లేకపోతే అతను కత్తి ఎందుకు పడతాడు?"

"ఒక్కరు నవ్వినా నేను ఈ రంగుల పెట్టె మళ్ళీ తెరవను మేడమ్," అన్నాడు రసూల్.

వంటింట్లోంచి భార్య బీబీజాన్ కేకేసింది. "అట్ల పందాలు కట్టనీయొద్దమ్మా! పెట్టె మూస్తే రోజంతా ఇంట్లో కూసోని నా తల తింటాడు."

ఆదివారం మధ్యాహ్నం నాటకం. మంత్రగత్తెల్లో ఒకడు గుణశేఖర్, రేణిగుంట గోడౌన్లో పనివాడు. మీసం తీయనని మొండికేశాడు.

"మంత్రగత్తెకు మీసం ఉండకూడదా అన్నా?"

"ఉండొచ్చు. నీది ఉండకూడదు. అది పోలీసు మీసం."

తెర లేచే ముందు లోహిత వచ్చి చూసి తల పట్టుకుంది. ముగ్గురికీ ముఖం నిండా పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, చెవుల దాకా కాటుక, విరబోసిన జుట్టు, మెడలో వేపమండలు.

"అన్నా, ఇది అమ్మవారు కదా!"

"మన జనం నవ్వని ఆడముఖం నాకు ఇదొక్కటే తెలుసు మేడమ్."

తెర లేచింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో పూలమ్మే మునెమ్మ చెప్పులు విడిచి, లేచి దండం పెట్టింది. ఆమె వెనక హాలంతా లేచింది. ఒకాయన సంచిలోంచి టెంకాయ తీసి స్టేజీ అంచుకు కొట్టాడు.

"తల్లీ, మా వాడికి ఉద్యోగం వస్తాదా?" అని అరిచారెవరో.

"వస్తాది, వస్తాది," అన్నాడు గుణశేఖర్ కంగారుగా. ఆ ఊపులోనే సేనాపతి వేషంలో ఉన్న మోహన్ వైపు తిరిగి, "నువ్వు రాజవుతావు పో!" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

తర్వాతి అంకంలో మోహన్ కత్తి పట్టుకుని రాజు గది వైపు నడుస్తున్నాడు. మునెమ్మకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్! అమ్మ రాజవుతావనింది. సంపమనిందా? ఆమె ఇచ్చేదాకా ఆగలేకపోతివా?"

హాలు గొల్లున నవ్వింది. మోహన్ నిలబడిపోయాడు. దొంగతనంలో పట్టుబడ్డవాడిలా మునెమ్మను చూశాడు. కత్తిని వీపు వెనక దాచుకున్నాడు. నవ్వు దానంతటదే ఆగింది. ఆ నిశ్శబ్దంలోనే అతను గదిలోకి పోయాడు. మూడు వారాలుగా లోహిత అతనికి నేర్పలేక అలసిపోయింది సరిగ్గా ఈ జంకే.

ఆమె తెర వెనక్కి పరుగెత్తింది. రసూల్ అప్పటికే పెట్టె మూసి తాడు కడుతున్నాడు.

"నవ్వినారు మేడమ్. మాటంటే మాటే."

"అయ్యో, వాళ్ళు నవ్వింది సేనాపతిని చూసి అన్నా! మంత్రగత్తెల్ని చూసి కాదు!"

రసూల్ తాడు వదలలేదు. ఇంతలో గుణశేఖర్ వచ్చాడు. చెమటకు పసుపు చారలు చారలుగా గడ్డం దాకా కారుతోంది. మళ్ళీ స్టేజీ ఎక్కడానికి అయిదు నిమిషాలుంది. రసూల్ ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి చూసి తాడు విప్పాడు.

"కూసో. కదిలితే తంతా," అన్నాడు అమ్మవారితో.