ఆరో గిన్నెలో గింజ

వెర్లీనమ్మకు డెబ్బై రెండేళ్లు. టెక్సస్‌లో ఆ ఊరి చర్చివాళ్లు ఏటా పెట్టే చిల్లీ కూర వంటల పోటీకి ఇరవై ఏళ్లుగా ఆవిడే పెద్ద తీర్పరి. వాచిన కాళ్లను బల్ల కింద చెప్పుల్లోంచి బయటికి తీసి, ఒక్కో గిన్నె ముందూ కళ్లు మూసి ప్రార్థించి, ఆ తర్వాతే చెంచా ముంచుతుంది. గొడవ మాత్రం ఏటా ఒకటే. "చిల్లీ కూరంటే మాంసం, ఎండుమిరపకాయలు, అంతే. చిక్కుడు గింజ కనబడిందా, పోటీలోంచి అవతలికే!" అంటాడు పక్కన కూర్చునే తోటి తీర్పరి వేలన్. "మా అమ్మ గింజలేసే వండేదయ్యా, తిన్నవాళ్లెవరూ చావలేదు" అని జనంలోంచి ఎవరో అంటారు. వినీ వినీ ఆవిడ విసుగు కూడా అలిసిపోయింది.

ఈసారి హాలిస్ కూడా వండాడు. భార్య ఒనీటా పోయాక అతను నలుగురిలోకి రావడం ఇదే మొదలు. పొద్దున ట్రక్కు పక్కన కూర్చుని, కుండలోంచి చిక్కుడు గింజలు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో పెడుతుంటే వెర్లీనమ్మ చూసింది. "ఒనీటా వండే తీరొక్కటే నాకొచ్చక్కా. వేశాకగానీ మీ రూలు గుర్తురాలేదు" అన్నాడు.

ఇప్పుడు ఆరో నంబరు గిన్నెలో, మాంసం ముక్క చాటున, ఒక్క గింజ మిగిలిపోయి ఉంది. ఎదురుగా హాలిస్ టోపీ తీసి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. వేలన్ మెడ సాచాడు. "ఏంటక్కా, ఏమన్నా కనబడిందా?"

వెర్లీనమ్మ కళ్లు మూసుకుంది. ఈసారి ప్రార్థన కాస్త పొడుగైంది. తర్వాత ఆ గింజనే చెంచాలోకి తీసుకుని, మెల్లగా నమిలి మింగింది.

"ఉప్పు కాస్త తగ్గిందిరా" అంటూ గిన్నెను వేలన్ వైపు జరిపింది.