కాక చుట్టిన ఎర్తు తీగ

రేడియోలో గరగర వస్తే మా గోదావరిఖని కాలనీలో అందరూ రేడియోనే తిట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. తప్పు రేడియోది కాదయ్యా, బొగ్గు జల్లించే ప్లాంటులో కొత్తగా పెట్టిన మోటారు డ్రైవ్‌ది! అది కరెంటును ముక్కలుగా కోసి మోటారు వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ కోతల రొద తీగల వెంట వెనక్కొచ్చి ఇళ్ళల్లో దూరేది. ఎంత చెప్పినా వినరే! వెదురు కర్రలు లేపి ఏరియల్ తీగను ఇంకా పైకి కట్టేవాళ్ళు. గరగర ఇంకా పెరిగేది.

అప్పటికి డెబ్బైల చివర. నేను ఆ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌ని. నాతో పనిచేసే పెద్దాయన్ని అందరం కాక అనేవాళ్ళం. సగం సర్వీసు భూమి కింద చేసి పైకొచ్చిన మనిషి. ఒకరోజు టీ తాగుతూ నా పక్కకు జరిగాడు.

“ఆదివారం మధ్యాహ్నం రేడియోల మా బిడ్డ పాట ఉన్నది కొడుకా. హైదరాబాదుకు పోయి పాడొచ్చింది. ఒక్కపారే ఏస్తరట.”

“మంచిదే గద కాక! మరి మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఇంట్లె ఎన్నడు పాడనియ్యలే నేను. ఆడపిల్లకు పాటలేందని తిట్టిన. ఇప్పుడు నా ముందట నోరు తెరువది. ఒక్కపారన్న ఇనాలె. ఆ గరగరల ఏమినపడ్తది?”

“ఫికర్ చెయ్యకు. నేనున్న” అన్నాను. చేయగలనని నాకు తెలుసు. ఇంజనీరుగారిని అడిగి, చోకు చుట్టలూ కండెన్సర్లూ కలిపి ఇనప డబ్బాలో ఫిల్టర్ తయారుచేశాను. చోకు ఆ రొదను లైనులోకి పోనివ్వదు, కండెన్సర్లు దాన్ని ఎర్తులోకి దింపేస్తాయి. శనివారం షిఫ్టు మారేటప్పుడు డ్రైవ్ ఆపి బిగించాం. ఎర్తు తీగ కాక కలిపాడు. మళ్ళీ నడిపించి క్యాంటీన్‌లో రేడియో పెడితే, అదే గోల! “ఏందన్నా, ఇదివరకే నయముండె” అన్నాడొకడు. అందరూ నవ్వారు. నాకు నషాళానికి అంటింది.

వెళ్ళి చూద్దును కదా, ఎర్తు తీగను బారెడు మిగిల్చి, గుండ్రంగా చుట్టి, ముడేసి వేలాడదీశాడు కాక. అది గని అలవాటు. కింద బొగ్గు తీస్తూ ముందుకు పోయేకొద్దీ కేబుల్ కూడా జరగాలి కాబట్టి ప్రతిచోటా ఒక చుట్ట మిగిలిస్తారు. మిగల్చనివాడిని పనివాడిగానే లెక్కపెట్టరు. కానీ ఈ రొద అంత పొడుగు చుట్ట దాటి నేలలోకి దిగదు. మళ్ళీ లైనే పట్టుకుంటుంది.

డ్రైవ్ మళ్ళీ ఆపించాను. “కొయ్యి కాక. జానెడు కంటె ఎక్కువ ఉండొద్దు.”

“మంచి తీగె కొయ్యమంటవా? రేపు అవసరం పడితె?”

“ఆ డబ్బా ఏడికన్న నడిచిపోతదా? నీకు తీగె గావాల్నా, బిడ్డ పాట గావాల్నా?”

గొణుక్కుంటూనే కోసి, పొట్టిగా మళ్ళీ కలిపాడు. ఈసారి క్యాంటీన్ రేడియోలో వార్తలు శుభ్రంగా వినిపించాయి. నవ్వినవాళ్ళే వచ్చి నా భుజం తట్టారు.

ఆదివారం కూడా ప్లాంటు నడుస్తూనే ఉంది. కాక ఇంట్లో రేడియో ముందు ఆయనా నేనూ కూర్చున్నాం. బిడ్డ సిగ్గుతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాట్లు వేసేటప్పుడు పాడే పాట, గరగరన్నదే లేకుండా వచ్చింది. ఎంత బాగా పాడిందో! అయిపోయాక కాక నావైపు తిరిగాడు.

“ఇంకోపారి రాదా?”

“రాదు కాక.”

కాక వంటింటి వైపు చూసి, “బిడ్డా, నువ్వే పాడు” అన్నాడు.

“ఇంట్లె పాడొద్దంటివి గద బాపూ” అంది లోపలి నుంచి.

“అంటి. బుద్ధిలేక అంటి.”

గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి వంటింట్లోంచి పాట మొదలైంది. కాక చెయ్యి చాపి రేడియో కట్టేసి, తువ్వాలలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.