మావయ్యంటే పడని మనిషి చెరువు

భీమవరంలో జువాలజీ లెక్చరర్‌గా పనిచేస్తూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. రొయ్యల మేత మీద నేను రాసిన వ్యాసం ఒక పరిశోధన పత్రికలో అచ్చయితేనే నాకు డిగ్రీ. ఈ ఫలితం వల్ల మీకు గానీ మీ వాళ్లకు గానీ లాభముందా అని పత్రికవాళ్లు అడిగారు. ఆ ప్రశ్న ఖాళీగా వదిలెయ్యమన్నారు మా గైడు గారు. నాకు దాపరికం గిట్టదు. మేత మా మేనమామ మిల్లులో తయారైందనీ, చెరువు కూడా ఆయనదేననీ రాసి పంపాను.

ఎడిటర్ మెచ్చుకుంటూనే, ఏ సంబంధమూ లేని రైతు చెరువులో మళ్లీ చేసి చూపించమన్నారు. ఒళ్లు మండిపోయింది. దాచుకున్నవాళ్లు హాయిగా ఉంటే నిజం చెప్పిన నాకా ఈ శిక్ష అని కనపడినవాళ్లందరి మీదా విసుక్కున్నాను.

సరే, రైతు కోసం బయలుదేరాను. మా వైపు చుట్టం కాని మనిషిని వెతకడమంటే మాటలు కాదు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లిచ్చి, మీది ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ అని మొదలుపెడతారు. కాఫీ వచ్చేలోపు నేను వాళ్లకు వదిననో కోడలినో అయిపోయేదాన్ని. ఒకావిడైతే బొట్టు పెట్టి, చీర కూడా పెట్టి పంపింది. ఆ చీర పట్టుకుని ఏడవలేక నవ్వుకుంటూ బస్సెక్కాను.

చివరికి ఒకాయన దొరికాడు. చెరువు గట్టు తగాదాలో మావయ్య మీద కోర్టుకెళ్లిన రైతు. సంగతంతా విని హుషారుగా ఒప్పుకున్నాడు.

"చెయ్యండి మేడమ్ గారూ. ఆ మేత తేలిపోవడం నా కళ్లతో చూస్తాను. మీ మావయ్యంటే నాకు పడదని కూడా రాయండి."

రాస్తానన్నాను. పక్కపక్కన ఉన్న ఆయన చెరువుల్లో ఒకదానికి మావయ్య మేత, ఇంకోదానికి ఆయన ఎప్పుడూ వాడే మేత వేశాం. తూకం ఆయనదే, నన్ను కాటా ముట్టుకోనిచ్చేవాడు కాదు. తూచినప్పుడల్లా ఆయన మొహం వాడిపోతుంటే నాకు లోపల పండగలా ఉండేది. రొయ్యలు పట్టిన రోజున మావయ్య మేత తిన్నవే బరువు తూగాయి. ఆయన మళ్లీ తూచాడు. పొరుగు రైతు కాటా తెప్పించి మరీ తూచాడు.

వ్యాసం అచ్చయింది. మా చుట్టరికం, వాళ్ల పగ రెండూ దాని అడుగున పక్కపక్కనే పడ్డాయి. పత్రిక పట్టుకెళ్లి ఆ రైతుకి చూపిస్తే, గట్టు మీదున్న వాళ్లందరికీ ఆ మాటలు తెలుగులో చెప్పమన్నాడు. గొంతెత్తి మరీ చెప్పాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కేసు మాత్రం మాననండి. ఈ పంటకి ఆ మేతే పంపించమనండి."