జగన్నాధం గారి పక్కింటి ఆరా

చీపురుపల్లి జగన్నాధం గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరి గురించి తెలుసుకోవాలన్నా ఆయన వాళ్ళని అడగరు, వాళ్ళ పక్కింటివాళ్ళని అడుగుతారు. ఎవరింటి సంగతి వాళ్ళనే అడిగితే మంచే చెబుతారు కదా, ఆ భాగ్యానికి చెప్పులరగదీసుకుని వెళ్ళడం దేనికని ఆయన వాదన.

సంతకెళ్ళి వంకాయలు కొనాలనుకోండి. వంకాయలమ్మే మనిషిని దాటిపోయి, పక్కన బెండకాయలు పోసుకున్నావిడ ముందు చతికిలబడి, ఆ వంకాయల మంచీ చెడ్డా అడుగుతారు. ఆవిడేమన్నా అమాయకురాలా? తన బెండకాయలు అంటగట్టి పంపిస్తుంది. జగన్నాధం గారింట్లో వారానికి అయిదురోజులు బెండకాయ కూరే ఉడకడానికి కారణం ఇదే.

ఒకసారి పన్ను నొప్పితో బుగ్గ బూరెలా పొంగిపోయింది. పళ్ళ డాక్టరు వాకిట్లో నిలబడి కూడా లోపలికి వెళ్ళకుండా, ఎదురుగా ఉన్న టైలరునీ, పక్కనున్న మందులషాపు వాణ్ణీ, వీధి చివర ఇస్త్రీ బండి వాణ్ణీ వాకబు చేస్తూ తిరిగారు. ఆ తిరుగుడులో ఇస్త్రీ బండివాడిచ్చిన చెగోడీ కొరికేసరికి పన్ను కాస్తా ఊడి చేతిలోకొచ్చింది. అదిగో, ఆరా తీయబట్టే డాక్టరు అవసరం లేకపోయిందని ఏడాది పొడుగునా చెప్పుకున్నారు.

పెళ్ళికీ అంతే. పిల్ల గురించి తెలుసుకుందామని గరివిడి వెళ్ళి, ఆ పక్కింటి అరుగు మీద కూర్చుని చింతకాయలు తింటున్న అమ్మాయిని అడిగారు. ఆ పిల్ల ఒట్టి గయ్యాళి, నోట్లో నోరు పెట్టలేరని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన ఇంకేదో అడిగి, తిరిగొచ్చి సంబంధం ఖాయం చెయ్యమన్నారు. అరుగు మీద కూర్చున్నది పెళ్ళికూతురు దాలమ్మేనని పీటల మీద గానీ తెలియలేదు. గయ్యాళి అని తెలిసి కూడా ఎందుకొప్పుకున్నారో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇంత జరిగినా పెళ్ళి సంబంధాల విషయంలో మాత్రం చుట్టుపక్కల ఊళ్ళకి ఆయన మాటే మాట. మేనకోడలు దేవికి విశాఖ ఇంజినీరు సంబంధం వస్తే వద్దన్నారు. మేడలున్న సంబంధం వస్తే పెదవి విరిచారు. చివరికి ఫ్యాక్టరీలో కరెంటు పనిచేసే గోపిని పట్టుకొచ్చారు. మావయ్యకి ఇతనిలో ఏం కనబడిందా అని దేవి కొన్నాళ్ళు లోలోపల గింజుకుంది. తరవాత పిల్లా, సంసారమూ వచ్చిపడి ఆ సంగతే మరిచిపోయింది.

ఆ పిల్లే ఝాన్సీ. విజయనగరంలో మురళీమోహన్ మాస్టారి దగ్గర జిమ్నాస్టిక్స్ నేర్చుకుని, పదకొండేళ్ళకే రాష్ట్రం పోటీల్లో పతకాలు తెచ్చింది. బీమ్ అనే నాలుగువేళ్ళ వెడల్పున్న దూలం మీద పిల్లిలా నడిచేది, దాని మీదే పిల్లిమొగ్గలు వేసేది. కిందటి వేసవిలో ఆ దూలం మీంచే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేశాక మళ్ళీ సాధనకి వెళ్ళింది. అన్నీ చేస్తోంది, దూలం దగ్గర తన వంతు వచ్చేసరికి మాత్రం దాహమేస్తోందని మంచినీళ్ళకి పోతోంది. ఇంట్లో అందరూ చూస్తూనే ఉన్నారు. పిల్ల నొచ్చుకుంటుందని ఆ ఊసే ఎవరూ ఎత్తడం లేదు.

ఇంతలో నర్సుగా పనిచేస్తున్న దేవికి ఐర్లండులో ఉద్యోగం వచ్చింది. ముగ్గురూ వెళ్ళాలి. అక్కడ పోటీలకి పంపే మంచి క్లబ్బు దొరికితేనే విమానం ఎక్కుతానని ఝాన్సీ మొండికేసింది. దేవి నెట్లో వెతికి వెతికి, అద్దాల గోడలూ, బీరువాల నిండా కప్పులూ ఉన్న పెద్ద క్లబ్బుని పట్టింది. వాళ్ళు చోటిస్తామన్నారు, శనివారంలోగా అవునో కాదో చెప్పమన్నారు. ఝాన్సీ ఫొటోలు చూసి బాగోలేదంది. ఏం బాగోలేదంటే చెప్పదు. రెండోది చూపిస్తే అదీ బాగోలేదు. నేను మాస్టారి దగ్గరే ఉండిపోతాను, మీరు వెళ్ళండి అంది. దేవికి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లని వదిలి వెళ్ళే ప్రశ్నే లేదు, ఉద్యోగం వదులుకోవడమే మిగిలింది.

సంగతి తెలిసి జగన్నాధం గారు దాలమ్మతో సహా దిగారు. క్లబ్బు ఫొటోలు చూపిస్తే చూడనైనా చూడలేదు.

"క్లబ్బు నాకెందుకు? దాని పక్కన ఏటున్నాదో సూపించు," అన్నారు.

గోపి ఫోన్లో మ్యాపు తెరిచాడు. పెద్ద క్లబ్బు పక్కన మంగలి షాపు ఉంది. దానికి ఫోను కొట్టమన్నారు. ఏమని చెప్పాలి చిన్నాన్నా అని గోపి బుర్ర గోక్కున్నాడు. సంబంధం గురించి ఆరా తీస్తున్నామని చెప్పమన్నారు. గోపి అదే ఇంగ్లీషులో చెప్పాడు కాబోలు, అవతలివాడు ముందు పెళ్ళి శుభాకాంక్షలు చెప్పాడు. తరవాత క్లబ్బు మంచిదేననీ, సాయంత్రమైతే కార్లు బారులు తీరతాయనీ చెప్పాడు.

"అదంతా సరే. ఆడ పిల్ల పడిపోతే ఏటి సేస్తారో అడుగు."

గోపి ఝాన్సీ వైపు ఓసారి చూసి, అలాగే అడిగాడు. నెలల తరబడి ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది. కిటికీ దగ్గర మూతి ముడుచుక్కూర్చున్న ఝాన్సీ తల తిప్పి చూసింది. మంగలికి ఆ సంగతి తెలియదట.

మర్నాడు ఇంకో క్లబ్బు. గోదాము వెనకాల ఎక్కడో ఉంది, నెట్లో దానికి ఒక్కటంటే ఒక్క మసక ఫొటో. దాని పక్కన వేయించిన చేపలూ దుంపలూ అమ్మే దుకాణం. "బజ్జీల బండన్నమాట," అని జగన్నాధం గారు సర్దుకుని కూర్చున్నారు. ఈసారి దేవే మాట్లాడింది. దుకాణం ఆవిడ ప్రశ్న విని పకపకా నవ్వింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు దేవి తెలుగులో చెప్పింది.

"పడ్డ పిల్ల లేచేదాకా కోచ్ కూడా కిందే పక్కన కూర్చుంటుందట. మళ్ళీ ఎక్కితే సరే. ఆ రోజుకి ఎక్కకపోయినా సరేనట. తరవాత అందర్నీ తీసుకుని ఈవిడ కొట్టుకి వస్తుందట. పడ్డ పిల్లకే మొదటి పొట్లం. ఎవరైనా పడ్డ రోజే నాకు బేరం బాగుంటుందంటోంది."

ఏటేటా దేశం పోటీలకి వెళ్ళే పిల్లలు కూడా అక్కడివాళ్ళేనట. ఆ మాట ఝాన్సీ విన్నట్టు లేదు. లేచి వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"ఎక్కకపోయినా పొట్లం ఇస్తారా?"

"ఇస్తారటమ్మా."

"నాకు బీమ్ అంటే భయమేస్తోందమ్మా," అంది ఝాన్సీ.

దేవి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. తనకీ భయంగానే ఉందని, కొత్త దేశం, కొత్త ఆసుపత్రి అని తలుచుకుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని చెప్పింది. ఇద్దరూ కాసేపు హాయిగా భయపడ్డారు. శనివారం రాకముందే దేవి గోదాము క్లబ్బుకి అవునని రాసేసింది.

ఆ ప్రశ్న మీకెలా తట్టింది మావయ్యా అని దేవి అడిగితే ఆయన చెప్పకుండా పెరట్లోకి జారుకున్నారు. బెండకాయలు తరుగుతున్న దాలమ్మ చెప్పింది.

"మీ మావకి వచ్చిందే ఆ ఒక్క ప్రశ్నే. పొలాలూ మేడలూ అని ఊరికే అడగతాడు. ఆకర్న, ఆ ఇంట్లో కోడలికి జొరమొస్తే గంజి ఎవులు కాస్తారని అడగతాడు. ఇంజినీరు పక్కింటోళ్ళు, ఆ కోడలే లేసి అందరికీ వండాలన్నారు. గోపీ పక్కింటోళ్ళు, ఆళ్ళమ్మ మంచాన పడితే ఆ గుంటడే పొయ్యెలిగిస్తాడన్నారు."

గోపి సిగ్గుపడి గోడకేసి చూశాడు. తనకి టైఫాయిడ్ వచ్చినప్పుడు గ్లాసుతో పక్కనే కూర్చున్న గోపి దేవికి గుర్తొచ్చాడు.

"మరి నిన్నేమడిగారత్తా, అరుగు మీద?" అంది దేవి.

"అదే అడిగినాడు. ముందు నీ సంగతి సెప్పు, ఆ పిల్లకి జొరమొస్తే నువ్వు కాస్తావా అన్నాను. కాస్తానన్నాడు. అడుగంటబెట్టినా ఇప్పటికీ ఆయనే కాస్తన్నాడు," అంది దాలమ్మ, కత్తిపీట మీంచి తలెత్తకుండా.

ఐర్లండు వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం చీపురుపల్లిలో ఫోను మోగింది. తెర మీద ఝాన్సీ, నోటినిండా దుంపలు.

"తాతా, ఇయాల బీమ్ ఎక్కాను. పడిపోనాను కూడా. మొదటి పొట్లం నాదే."

"దెబ్బేటైనా తగిలిందా?"

"నేదు తాతా."

జగన్నాధం గారు ఆ మాట ఏమాత్రం నమ్మలేదు.

"నీ మాట నాకెందుకు? ఫోను నీ పక్కనున్న పిల్లకియ్యి," అన్నారు.