గున్నమ్మ కుట్టిన గాలిగుడ్డ

గురునాథరావు ఎక్కడ నిలబడినా ముందు వంగి చిటికెడు మట్టి తీసేవాడు. నడుమెత్తున వదిలి, గాలికి ఎటు పడిందో చూసి, "పడమర, నెమ్మది" అనేవాడు. తను ఉండే ఖుర్సీపార్ బస్తీలో కుళాయి దగ్గరైనా అంతే.

భిలాయి ఉక్కు కర్మాగారం వాళ్ళ విమానాల మైదానానికి అతను కాపలాదారు. ఒక రన్‌వే, రేకుల గది, మంచినీళ్ళ కుండ, వచ్చినవాళ్ళ పేర్లు రాసే రిజిస్టరు, స్తంభం మీద గాలిగుడ్డ. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు చెప్పేది ఆ గుడ్డే. విమానం వచ్చే ఉదయం అతను రన్‌వే పొడవునా నడిచి రాళ్ళు ఏరేవాడు. పందొమ్మిదేళ్ళలో ఏ విమానమూ దిగకుండా వెనుదిరగలేదు. ఆ మాట ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

పాస్ లేనివాళ్ళను లోపలికి రానిచ్చేవాడు కాదు. భార్య గున్నమ్మ క్యారేజీ తెస్తే తనే గేటు బయటికి వచ్చి, నిలబడి తినేవాడు.

1994 మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివాన ఆ గుడ్డను పీలికలు చేసింది. మర్నాడు పదింటికి విమానం. గుడ్డ కనిపించకపోతే అది రాయపూర్ వెళ్ళిపోతుంది.

గున్నమ్మ వీధివాళ్ళకు జాకెట్లు కుట్టేది.

"పొడుగు సంచీ ఒకటి కుట్టాల" అన్నాడు.

"పందొమ్మిదేళ్ళు గేటు కాడే నిలబెట్టినావు. ఇప్పుడు నా మిషనుతో పనొచ్చిందేటి?"

"కొలతలు రాసుకో."

"సెప్పు. మీ ఇమానానికి హుక్కులు కూడా ఎట్టాలా?"

తన నారింజరంగు చీర చింపి, రెండు వరుసలు కుట్టి ఇచ్చింది.

పొద్దున నిచ్చెన వేసి స్తంభానికి గుడ్డ ఎక్కించాడు. అది దిండులా ఉబ్బి, ఎగిరెగిరి పడింది. ఏ వైపూ నిలవలేదు. సంచీ అన్నాడు కాబట్టి గున్నమ్మ ఒక కొస మూసి కుట్టింది. ఆ కొస కూడా తెరిచి ఉండాలని అతను చెప్పలేదు.

దూరాన విమానం మోత. గుడ్డ దించి బ్లేడుతో కుట్టు విప్పాడు. ఆమె కుట్టు తేలిగ్గా ఊడేది కాదు. మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. గుడ్డ తూర్పుకు తిన్నగా చాచుకుంది. విమానం ఒక చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా దిగింది.

పైలట్ స్తంభం వైపు చూసి, గుడ్డ కొత్తదా అని అడిగాడు. "కపడా నయా హై క్యా?"

"ఘర్ కా హై, సాబ్" అన్నాడు గురునాథరావు. మా ఇంటిదే అని మళ్ళీ చెప్పాడు.

ఇంట్లో గున్నమ్మ అంతా విన్నది. "అడుగు లేని సంచీ అని ముందే సెప్పాల. బాగా ఎగిరిందా?"

"ఎగిరింది."

"నాకేటి తెలుసు. నాను సూసినానా?"

మర్నాడు పొద్దున్నే అతను ఆఫీసుకు వెళ్ళి, మొదటిసారి ఒక పాస్‌కు దరఖాస్తు పెట్టాడు. పేరు గున్నమ్మ. రావడానికి కారణం అన్నచోట, గాలిగుడ్డ కుట్టిన మనిషి, అని రాశాడు.