డాక్టరమ్మ వెనక్కి తీసుకోని మాట

మొన్న రామచంద్రపురంలో మందుల షాపు ముందు నిలబడి ఉండగా, పక్కనున్నాయన కుక్కపిల్లల కాల్షియం సీసా కొని, అక్కడే మూత తీసి వాసన చూశాడు. చేపనూనె మీద నారింజ వాసన కలిపి చల్లినట్టుండే ఆ వాసన నా ముక్కుకీ తగిలింది. వెంటనే గుర్తొచ్చింది మా కుక్క కాదు. మా మండలం పశువుల ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళ క్రితం పనిచేసిన డాక్టర్ సత్యవతి గారు, ఆవిడ నన్ను నలుగురిలో అన్న మాట.

నాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. కాపలా కోసం రెండు నెలల అల్సేషియన్ పిల్లను తెచ్చి టైగర్ అని పేరు పెట్టాను. త్వరగా ఎదగాలని, సంచుల్లో వచ్చే ఖరీదైన కుక్కపిల్లల మేతే కడుపు పగిలేలా పెట్టాను. నాలుగో నెలలో దాని ముందుకాళ్ళు మణికట్ల దగ్గర ఉబ్బి, బయటికి వంకర తిరిగాయి. రొయ్య పెంకు మెత్తబడితే చెరువులో మినరల్స్ చల్లుతాం, గట్టిపడుతుంది. నాకు తెలిసిన వైద్యం అదే. అప్పటికే పోస్తున్న కాల్షియం రెట్టింపు చేశాను. విటమిన్ చుక్కలు, చేపనూనె మాత్రలు జోడించాను. చివరికి చెరువుకని తెచ్చిన మినరల్ పొడి కూడా చెంచాడు పాలలో కలిపాను. వారం తిరిగేసరికి టైగర్ లేవడానికే మూలగసాగింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే సత్యవతి గారు కాళ్ళు నొక్కి చూసి, ఏమేం పెడుతున్నారని అడిగారు. కొంచెం గర్వంగానే చెప్పాను. అన్నీ చీటీ మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేశారు. మేత ఒక్కటి మిగిలింది. దాని పక్కన ‘కొలిచి’ అని రాశారు.

“ఏంటండీ, మీరు పెంచేది కుక్కనా, రొయ్యనా?”

గేదెను తోలుకొచ్చిన ఆసామి పకపకా నవ్వాడు. “ఇంకో నెలాగితే వలేసి పట్టేస్తారండీ!”

“కాళ్ళు వంకరపోతుంటే బలానికి మందివ్వద్దాండి?” అన్నాను.

“ఆ మేతలోనే కావలసినంత కాల్షియం ఉందండి. పైన మీరు పోసిందే ఎముకను పాడుచేస్తోంది. ఒళ్ళు బరువెక్కేకొద్దీ కీళ్ళ మీద పడుతుంది. అన్నీ ఆపెయ్యండి. నున్నటి టైల్స్ మీద తిరగనివ్వకండి, గోనెలు పరవండి. ఇప్పుడైతే చాలామటుకు సర్దుకుంటుంది. ఇంకో నెల ఇలాగే పోస్తే జన్మంతా కుంటేనండి.”

నా చెవిలో నిలిచింది మొదటి ప్రశ్న ఒక్కటే. మర్నాడే ఆవిడ మీద పైఅధికారులకు అర్జీ పెట్టాను. బంధువుల పెళ్ళిలో నాకు చివరి పంక్తిలో విస్తరి వేసినవాళ్ళనే నేను ఇంకా వదల్లేదు.

దగ్గర్లో వేరే డాక్టరు లేక వారం వారం అక్కడికే వెళ్ళాల్సి వచ్చేది. ఆవిడ అర్జీ ఊసెత్తేవారు కాదు. ఒకరోజు నా వేళ్ళు పట్టి పిల్ల మణికట్టు మీద పెట్టారు. “వేడిగా ఉందా?”

“ఉందండి.”

“రోజూ మీ చేత్తోనే చూడండి. అది అరవదండి, కాలి మీద బరువెయ్యడం మానేస్తుందంతే.”

అయిదో వారంలో విచారణకు అధికారి వచ్చారు. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అడిగారు. ఆవిడ దాచలేదు.

“అన్నానండి. నలుగురిలో అని ఉండకూడదు.”

“అయితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పెయ్యండి మేడమ్, ఇక్కడితో అయిపోతుంది.”

“తీసుకోనండి. తీసుకుంటే ఈయన ఇంటికెళ్ళి మళ్ళీ సీసా మూత తీస్తారు.”

ఆవిడకు మెమో వచ్చింది. నేను అర్జీ వెనక్కి తీసుకోలేదు.

నిజం చెప్పాలంటే, ఆ వారాల్లో ఒక్కోరోజు నా చెయ్యి సీసా మీదికి వెళ్ళేది. “పిల్ల చిక్కిపోయిందండి, కాస్త పొయ్యకూడదా?” అనేది మా ఆవిడ. మూత తిప్పబోతుంటే ఆ ప్రశ్న చెవిలో మోగేది, ఒళ్ళు మండేది, సీసా కిందపెట్టేసేవాణ్ణి. గౌరవంతో కాదు, కోపంతో. ఆరో వారానికి మణికట్ల వేడి తగ్గింది. మూడు నెలలకు టైగర్ చెరువు గట్టు మీద కొంగల వెంట పరుగెత్తింది. కుడికాలు మాత్రం ఇప్పటికీ కొంచెం బయటికే తిరిగి ఉంటుంది.

ఆలోగా సత్యవతి గారికి నిడదవోలు వైపు బదిలీ అయింది. నేను వెళ్ళి కలవలేదు. ఆవిడ నన్ను రెండు మూడు వారాల్లోనే చదివేశారనుకుంటాను. సలహాగా చెప్పి ఉంటే ఆ సాయంత్రానికే మరిచిపోయేవాణ్ణి. అవమానం కాబట్టి ఇన్నేళ్ళుగా భద్రంగా ఉంది. చేపకైనా, చెట్టుకైనా, మనవడికైనా బలానికని ఏదో పోయబోతే, నా చెయ్యి కాసేపు గాల్లోనే ఆగిపోతుంది.